చిన్న తరహా పునరుత్పాదక శక్తి పథకాలు: ఉద్యోగితను అంచనా వేసే విధానం

ఉపోద్ఘాతం

వర్ధమాన దేశాలను పీడిస్తున్న సమస్యలలో నిరుద్యోగం ఒకటి, విద్యుత్తు కొరత మరొకటి. ఈ రెండింటికీ ఒకే మందు దొరికిందని విన్నప్పుడు ప్రజలకూ ప్రభుత్వాలకూ ఆశ కలగడం సహజం. ఇంటి కప్పుపై సౌర ఫలకం, పెరటిలో గోబర్ గ్యాసు తొట్టి, కొండవాగుపై చిన్న జలవిద్యుత్ యంత్రం ఇంటికి వెలుగునిస్తాయి, ఊరికి పనినిస్తాయి అన్న మాట నేడు తరచుగా వినవస్తున్నది. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అబూధాబీలో ప్రధాన కార్యాలయం గల అంతర్జాతీయ పునరుత్పాదక శక్తి సంస్థ లెక్క ప్రకారం, ఈ రంగంలో 2022లో ప్రపంచమంతటా 1 కోటి 37 లక్షల ఉద్యోగాలు ఉండగా 2023లో అవి 1 కోటి 62 లక్షలకు పెరిగాయి. అయితే వాటిలో సుమారు 46 శాతం ఒక్క చైనాలోనే ఉన్నాయి.

పై లెక్కలోని చివరి వాక్యమే మన అధ్యయనానికి మూలం. పథకం ఒక దేశంలో, దాని వలన కలిగే ఉద్యోగం మరొక దేశంలో ఉండవచ్చు. పని ఈ సంవత్సరం ఉండి వచ్చే సంవత్సరం లేకపోవచ్చు. పత్రికలో అచ్చయిన అంకె పెద్దదైనంత మాత్రాన మన ఊరి యువకునికి పని దొరుకుతుందన్న భరోసా లేదు. ఆ అంకెను నమ్మి అప్పు చేసి శిక్షణకు చేరే విద్యార్థికి, దానిని చూపి నిధులు కేటాయించే ప్రభుత్వానికి, ఇద్దరికీ ఆ అంకె ఎలా పుట్టిందో తెలియవలసిన అవసరం ఉన్నది. ఆ విధానాన్ని సాధ్యమైనంత సులభంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉద్యోగం అంటే ఏమిటి?

లెక్క పెట్టవలసిన వస్తువును ముందుగా నిర్వచించుకోవాలి. వంద మంది కూలీలు ఒక సౌర కేంద్రం నిర్మాణంలో మూడు నెలలు పనిచేశారనుకొందాం. వంద ఉద్యోగాలు కల్పించామని గుత్తేదారు ప్రకటిస్తాడు. ఆ పథకం వలన తమకు ఒక్క ఉద్యోగం కూడ మిగలలేదని ఊరివారు అంటారు. ఇద్దరూ అబద్ధం ఆడడం లేదు, ఇద్దరి కొలమానాలు వేరు.

ఈ చిక్కును తొలగించడానికి ఆర్థికవేత్తలు 'పని సంవత్సరం' అనే ప్రమాణాన్ని ఉపయోగిస్తారు. ఒక మనిషి ఒక సంవత్సరం పూర్తికాలం చేసే పని ఒక పని సంవత్సరం. సెలవులు పోగా సంవత్సరానికి సుమారు 250 పనిదినాలని తీసుకోవచ్చు. పై ఉదాహరణలో వంద మంది మూడు నెలల శ్రమ 25 పని సంవత్సరాలకు సమానం. ఇందులో అతిశయోక్తికి తావు లేదు.

నిర్మాణపు పని తాత్కాలికం, నిర్వహణపు పని దీర్ఘకాలికం. ఈ రెండింటిని నేరుగా కూడరాదు. సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన గుణకాలను చూడండి. ఒక మెగావాటు సౌర విద్యుత్ కేంద్రాన్ని స్థాపించడానికి 13 పని సంవత్సరాలు, దాని పరికరాల తయారీకి 6.7 పని సంవత్సరాలు పడతాయి. స్థాపించిన తరువాత నిర్వహణకు కావలసినవి 0.7 ఉద్యోగాలు మాత్రమే. ఫలకం ఆయుర్దాయం 25 సంవత్సరాలనుకొంటే, స్థాపనకు పట్టిన 13ను 25తో భాగించగా వచ్చేది 0.52. దీనికి నిర్వహణలోని 0.7ను కలిపితే, ఒక మెగావాటు వలన సగటున 1.22 ఉద్యోగాలు 25 సంవత్సరాల పాటు ఉంటాయని అర్థం. 2010లో అమెరికాలో మాక్స్ వై, షానా పటాడియా, డేనియల్ కామెన్ అనే పరిశోధకులు పదిహేను అధ్యయనాలను పోల్చినప్పుడు, ఈ విధంగా ఆయుర్దాయానికి సర్దిన సగటులనే ఆధారంగా తీసుకొన్నారు.

వివిధ శక్తి వనరులను పోల్చడానికి ఈ సగటు చక్కగా పనికివస్తుంది. కాని శ్రామికుని దృష్టితో చూస్తే ఇది కాగితం మీది సంఖ్య. అతనికి ఈ సంవత్సరం నిండుగా పని ఉంటుంది, తరువాతి ఇరవై నాలుగు సంవత్సరాలు దాదాపు ఏమీ ఉండదు. 0.52 ఉద్యోగంతో ఎవరి కడుపూ నిండదు. కావున అంచనాలో సగటుతో పాటు, ఏ సంవత్సరంలో ఎంత పని ఉంటుందో తెలిపే కాలక్రమ పట్టిక కూడ తప్పక ఉండాలి.

ఉద్యోగాల వర్గీకరణ

ఒక పథకం వలన కలిగే ఉద్యోగాలను మూడు తరగతులుగా విభజిస్తారు. పథకంలోనే పనిచేసేవారివి ప్రత్యక్ష ఉద్యోగాలు. సౌర ఫలకాలను బిగించేవాడు, బ్యాటరీ మరమ్మతు చేసేవాడు, వాయిదాలు వసూలు చేసేవాడు ఈ తరగతికి చెందుతారు. పథకానికి కావలసిన సరకులు సమకూర్చే పరిశ్రమలలోనివి పరోక్ష ఉద్యోగాలు. ఇనుప చట్రం చేసే కమ్మరి, తీగలు తయారుచేసే కార్మికుడు, సరకు చేరవేసే లారీ డ్రైవరు ఇందుకు ఉదాహరణలు. ఈ రెండు తరగతులవారు తమ వేతనాలను ఖర్చుపెట్టినప్పుడు బజారులో పుట్టేవి ప్రేరిత ఉద్యోగాలు. కిరాణా దుకాణంలోనూ దర్జీ అంగడిలోనూ పెరిగే పని ఇటువంటిది.

ఈ మూడింటిని కలిపి చెబితే అంకె ఘనంగా కనిపిస్తుంది, ప్రత్యక్షాన్ని మాత్రమే చెబితే చిన్నదవుతుంది. అందుచేత ఏ అంచనా చదివినా ఇందులో ఏయే తరగతులు చేరాయన్న ప్రశ్న మొదట వేసుకోవాలి.

అంచనాకు మూడు మార్గాలు

మొదటిది గుణకాల పద్ధతి. మెగావాటుకు ఇన్ని ఉద్యోగాలని ముందుగా నిర్ణయించిన సంఖ్యతో, స్థాపించబోయే మెగావాట్లను గుణిస్తారు. ఇది సులభం, చవక. అయితే గుణకాలు ఎక్కువగా సంపన్న దేశాల అనుభవం నుండి వచ్చినవి. యంత్రాలతో గొయ్యి తవ్వే దేశపు గుణకం, పలుగు పారలతో తవ్వే దేశానికి సరిపోదు. అందుకోసం ఆయా దేశాల శ్రమ ఉత్పాదకతను బట్టి గుణకాన్ని పెంచుతారు. అదే సమయంలో, దిగుమతి చేసుకొనే పరికరాల తయారీ శ్రమను మన లెక్క నుండి తీసివేయాలి. ఫలకం చైనా నుండి వస్తే, దాని తయారీలోని పని సంవత్సరాలు చైనా కార్మికునివే గాని మనవి కావు. అదీగాక గుణకం కాలంతో పాటు పాతబడుతుంది. ఒక్కొక్క ఫలకం ఇచ్చే విద్యుత్తు పెరిగిన కొద్దీ ఒక మెగావాటుకు బిగించవలసిన ఫలకాల సంఖ్య తగ్గుతుంది, దానితో శ్రమ కూడ తగ్గుతుంది.

రెండవది ఉత్పాదకాల, ఉత్పత్తుల పట్టిక పద్ధతి. దీనిని రూపొందించిన వాసిలీ లియాంటీఫ్‌కు 1973లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒక పరిశ్రమ ఉత్పత్తి మరొక పరిశ్రమకు ఉత్పాదకం ఎలా అవుతుందో ఈ పట్టిక చూపుతుంది. దాని సహాయంతో పరోక్ష, ప్రేరిత ఉద్యోగాలను కూడ లెక్కించవచ్చు. కాని నిష్పత్తులు మారవన్న ఊహ మీద ఈ పద్ధతి ఆధారపడి ఉన్నది. అంతేకాక వర్ధమాన దేశాలలో చిన్న పథకాల పనిలో హెచ్చు భాగం ఖాతా పుస్తకాలకు ఎక్కని అసంఘటిత రంగంలో జరుగుతుంది. చెట్టు క్రింద కూర్చొని ఇన్వర్టరు బాగుచేసే మనిషి జాతీయ పట్టికలోని ఏ గడిలోనూ కనబడడు.

మూడవది క్షేత్ర పరిశీలన. పథకాలు నడుస్తున్న గ్రామాలకు పోయి, ఏ పనికి ఎందరు, ఎన్ని రోజులు, ఎంత కూలికి పనిచేశారో విచారించి లెక్క కట్టడం. శ్రమతోనూ ఖర్చుతోనూ కూడుకొన్నదైనా చిన్న పథకాల విషయంలో అన్నింటికంటె నమ్మదగినది ఇదే. 2019లో 'పవర్ ఫర్ ఆల్' అనే సంస్థ వికేంద్రీకృత పునరుత్పాదక శక్తి రంగంలో ఇటువంటి గణన ప్రకటించింది. అందులో సంఘటిత ప్రత్యక్ష ఉద్యోగాలు భారతదేశంలో సుమారు 95 వేలు, కెన్యాలో సుమారు 10 వేలు, నైజీరియాలో సుమారు 4 వేలుగా తేలాయి.

చిన్న పథకానికి పెద్ద కొలమానం సరిపోతుందా?

మన దేశంలో రెండు పరిశోధన సంస్థలు జరిపిన అధ్యయనం ప్రకారం నేల మీద నిర్మించే పెద్ద సౌర కేంద్రంలో మెగావాటుకు 3.45 పని సంవత్సరాల శ్రమ ఉండగా, ఇళ్ల కప్పులపై అమర్చే చిన్న వ్యవస్థలలో అది 24.72. అనగా సుమారు ఏడు రెట్లు ఎక్కువ. కారణం స్పష్టమే. ఒకే మైదానంలో వరుసగా వేల ఫలకాలు బిగించడం వేరు. ఇంటింటికీ తిరిగి, యజమానిని ఒప్పించి, కప్పు కొలిచి, నిచ్చెన వేసి, నాలుగైదు ఫలకాలు అమర్చడం వేరు. చిన్న జలవిద్యుత్తులోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. సిడ్నీ గుణకాల ప్రకారం పెద్ద జలవిద్యుత్ కేంద్రంలో మెగావాటుకు నిర్వహణ ఉద్యోగాలు 0.2, చిన్న కేంద్రంలో 4.9.

అయితే పథకం మరీ చిన్నదైనప్పుడు మెగావాటు అనే కొలమానమే పనికిరాకుండా పోతుంది. కరెంటు లేని గుడిసెకు రెండు మూడు దీపాలు వెలిగించే 50 వాట్ల సౌర వ్యవస్థను తీసుకొందాం. అటువంటివి 20,000 కలిస్తే ఒక మెగావాటు. పైన చెప్పిన గుణకాన్ని 25గా సరిచేసి దీనికి వర్తింపజేస్తే 20,000 ఇళ్లకు 25 పని సంవత్సరాలు, అనగా 6,250 పనిదినాలు. ఇంటికి 0.31 పనిదినం, సుమారు రెండున్నర గంటలు. ఇంటిని వెతికి చేరడం, ఒప్పందం వ్రాయడం, బిగించడం, నెలనెలా వాయిదా వసూలు చేయడం, చెడిపోతే బాగుచేయడం అన్నీ రెండున్నర గంటలలో ముగుస్తాయా? ముగియవు. కావున ఇటువంటి పథకాలకు మెగావాటును గాక ఇంటిని ప్రమాణంగా తీసుకోవాలి.

బంగ్లాదేశ్ అనుభవం

ఇంటిని ప్రమాణంగా తీసుకొని లెక్కించడానికి బంగ్లాదేశ్ కంటె మంచి ఉదాహరణ లేదు. అక్కడ 1996లో స్థాపించబడిన గ్రామీణ శక్తి అనే సంస్థ గ్రామాలలో సౌర దీపాలను వాయిదాల పద్ధతిపై అమ్మడం ప్రారంభించింది. 2003లో ప్రభుత్వ రంగంలోని ఇడ్కాల్ అనే ఆర్థిక సంస్థ, ప్రపంచ బ్యాంకు మొదలైన వాటి సహాయంతో దేశవ్యాప్త పథకం చేపట్టింది. మొదటి లక్ష్యం 50,000 ఇళ్లు. అది గడువు కంటె చాలా ముందుగా 2005లోనే పూర్తయింది. ఉచ్చదశలో నెలకు 50,000కు పైగా ఇళ్లలో వ్యవస్థలు అమర్చారు. 2018లో పథకం ముగిసేనాటికి వాటి సంఖ్య సుమారు 41 లక్షలకు చేరింది. దాదాపు 2 కోట్ల మందికి వెలుగు లభించింది. గ్రామీణ స్త్రీలకు ఛార్జ్ కంట్రోలర్ వంటి పరికరాల కూర్పులోనూ మరమ్మతులోనూ గ్రామీణ శక్తి కేంద్రాలలో శిక్షణ ఇచ్చారు.

ఇంత పెద్ద పథకంలో ఉద్యోగాలు ఎక్కడ పుట్టాయి? విధానం బోధపడడానికి కొన్ని ఊహలతో లెక్క చేసి చూద్దాం. ఈ క్రింది శ్రమ ప్రమాణాలు ఉదాహరణ కోసం తీసుకొన్నవి.

నెలకు 50,000 వ్యవస్థలు, ఒక్కొక్కదానిని ఇద్దరు మనుషులు అర్ధదినంలో బిగిస్తారనుకొందాం. ఇంటికి ఒక పనిదినం చొప్పున నెలకు 50,000 పనిదినాలు. నెలకు 25 పనిదినాలు గల కార్మికులు ఇందుకు 2,000 మంది చాలు. సౌర ఉద్యోగం అనగానే మన కళ్ల ముందు మెదిలేది కప్పు మీద ఫలకం బిగించే మనిషి. తీరా లెక్కిస్తే దేశమంతటికీ అటువంటివారు రెండు వేల మందే!

ఇక వసూళ్లు చూద్దాం. వాయిదాల కాలం 36 నెలలనుకొంటే, అదే వేగంతో మూడేళ్లు సాగిన పథకంలో ఏ సమయంలోనైనా 18 లక్షల ఖాతాలు నడుస్తూ ఉంటాయి. ఒక ఉద్యోగి రోజుకు పది ఇళ్ల చొప్పున నెలకు 250 ఖాతాలు చూడగలడనుకొంటే, కావలసినవారు 7,200 మంది. అనగా ఫలకం బిగించేవారికంటె డబ్బు వసూలు చేసేవారు మూడు రెట్లకు మించి ఉంటారు. అమ్మకందారులు, గిడ్డంగి గుమాస్తాలు, బ్యాటరీ కర్మాగారాల కార్మికులు వీరికి అదనం.

ఈ లెక్క నుండి ఒక ముఖ్యమైన సత్యం బయటపడుతుంది. ఉద్యోగం ఫలకం ఆయుర్దాయాన్ని బట్టి లేదు, అప్పు కాలాన్ని బట్టి ఉన్నది. ఈ పథకంలో ఫలకానికి ఇరవై సంవత్సరాల హామీ, బ్యాటరీకి ఐదు సంవత్సరాల హామీ ఉండగా, అప్పు మాత్రం రెండు మూడు సంవత్సరాలలో తీరిపోయేది. కొత్త అమ్మకాలు ఆగిన మరునాడే బిగించేవాని పని ఆగుతుంది. వసూలు చేసేవాని పని మూడేళ్లలో క్రమంగా కరిగిపోతుంది. మిగిలేది మరమ్మతు ఒక్కటే. ఒక మెకానిక్ వెయ్యి ఇళ్లు చూసుకొంటాడనుకొన్నా 41 లక్షల ఇళ్లకు 4,100 మంది కావాలి. అయితే అప్పు తీరిన ఇంటివారు మరమ్మతు కోసం డబ్బు చెల్లిస్తేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది.

వాస్తవంగా జరిగినది కూడ ఇందుకు అనుగుణంగానే ఉన్నది. 2013 తరువాత అమ్మకాలు వేగంగా పడిపోయాయి. ప్రభుత్వ విద్యుత్ తీగలు ఊహించినదానికంటె త్వరగా పల్లెలకు చేరాయి. వేరొక ప్రభుత్వ కార్యక్రమం క్రింద సౌర వ్యవస్థలను ఉచితంగా పంచారు. బజారులో నాణ్యత తక్కువైన చవక సరకు వచ్చిపడింది. ఎదుటి ఇంటికి ఉచితంగా వచ్చిన వస్తువుకు తాను వాయిదా కట్టడమెందుకని కొనుగోలుదారు ప్రశ్నించాడు. వసూళ్లు నిలిచిపోయి, పథకంలో భాగస్వాములైన సంస్థలు సిబ్బందిని తగ్గించుకోవలసి వచ్చింది. 2022లో దేశమంతటికీ విద్యుత్తు చేరినట్లు బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. పల్లె ప్రజల దృష్టిలో ఇది విజయమే. సౌర ఉద్యోగి దృష్టిలో మాత్రం అదే తన పనికి ముగింపు. కావున ఉద్యోగిత అంచనా వేసేవాడు సూర్యరశ్మిని గురించి మాత్రమే గాక, ప్రభుత్వ విద్యుత్ తీగ ఎప్పుడు ఊరు చేరుతుందన్న విషయాన్ని గురించి కూడ ఆలోచించాలి.

గోబర్ గ్యాసు: కూలి లేని శ్రమ సమస్య

మన దేశంలో ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960 దశకంలోనే గోబర్ గ్యాసు వ్యాప్తికి పూనుకొన్నది. 1981–82లో జాతీయ స్థాయి కార్యక్రమం ప్రారంభమైంది. 1984లో ఇటుక గుమ్మటంతో కట్టే చవకైన దీనబంధు నమూనా వచ్చింది. నేపాల్‌లో 1992లో డచ్చివారి సహకారంతో ప్రారంభమైన బయోగ్యాసు పథకం ఎందరో మేస్త్రీలకు శిక్షణనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున, ఇంటింటా తెలుగు వినిపించే కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో 5,500 కుటుంబాలకు రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాసు తొట్లు నిర్మించే పథకం 2005లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగం క్రింద నమోదయింది.

ఈ పరిమాణంలోని పథకానికి అంచనా వేద్దాం. గొయ్యి తవ్వకం, ఇటుక ఇసుక మోత, మేస్త్రీ పని కలిపి ఒక్కొక్క తొట్టికి 30 పనిదినాలనుకొంటే, 5,500 తొట్లకు 1,65,000 పనిదినాలు, అనగా 660 పని సంవత్సరాలు. నిర్మాణం మూడేళ్లు సాగితే సంవత్సరానికి 220 మందికి పని. కాని ముప్పై దినాలలో పదిహేను దినాల శ్రమ ఇంటివారే స్వయంగా చేసుకొంటే కూలి ముట్టేది 330 పని సంవత్సరాలకే. మిగిలిన 330 ఉద్యోగం కాదు, లబ్ధిదారుడు తన వాటాగా పెట్టిన పెట్టుబడి. అంచనాలలో ఈ రెండింటినీ కలిపి చూపడం తరచుగా జరిగే పొరపాటు.

దీనికి మరొక పార్శ్వం కూడ కలదు. ప్రతిదినం పేడ కలిపి తొట్టిలో పోసేది ఎక్కువగా ఇంటి ఇల్లాలే. ఆమెకు కట్టెలు ఏరుకొనే శ్రమ, పొగలో వంట చేసే బాధ తగ్గుతాయి. ఈ మేలు గొప్పది. అయినా దానిని ఉద్యోగాల పద్దులో వ్రాయరాదు. మేలును మేలుగానూ, ఉద్యోగాన్ని ఉద్యోగంగానూ వేరువేరుగా చూపినప్పుడే లెక్క స్పష్టంగా ఉంటుంది.

స్థూలం, నికరం

కొత్త వెలుగు వచ్చినప్పుడు పాత వెలుగును నమ్ముకొన్నవారు నష్టపోతారు. సౌర దీపం వెలిగిన ఊరిలో కిరోసిన్ అమ్మేవాని బేరం పడిపోతుంది. డీజిల్ జనరేటరును అద్దెకిచ్చేవాడు వేరే దారి చూసుకోవాలి. వచ్చిన ఉద్యోగాల మొత్తం స్థూల ఉద్యోగిత, అందులో పోయినవాటిని తీసివేయగా మిగిలేది నికర ఉద్యోగిత. ప్రచార పత్రాలలో సాధారణంగా కనబడేది స్థూల సంఖ్యయే.

మరోవైపు విద్యుత్తును ఉపయోగించుకొని పెరిగే జీవనోపాధులు కలవు. రాత్రి వేళ కూడ నడిచే కుట్టుమిషను, పాలు చల్లబరచే యంత్రం, పిండిమర, సెల్‌ఫోను ఛార్జింగు దుకాణం ఇటువంటివి. పైన చెప్పిన 2019 గణనలో, ప్రత్యక్ష సంఘటిత ఉద్యోగాలు 95 వేలు ఉన్న భారతదేశంలో ఈ తరహా ఉపాధి సుమారు 4 లక్షల 70 వేల మందికి లభించినట్లు అంచనా వేశారు. అనగా ఐదు రెట్లు! కెన్యాలో ఈ సంఖ్య సుమారు 65 వేలు, అక్కడి ప్రత్యక్ష ఉద్యోగాలకు ఆరు రెట్లకు మించి ఉన్నది. దీనిని బట్టి చిన్న పథకం అసలు ఉద్యోగ శక్తి ఫలకం బిగించడంలో కంటె, ఆ విద్యుత్తుతో ఏం చేస్తామన్న దానిలో ఉన్నదని గ్రహించవచ్చు. రెండు దీపాలు మాత్రమే వెలిగించే వ్యవస్థ కంటె ఒక మరను త్రిప్పగల వ్యవస్థ ఊరికి ఎక్కువ పని కల్పిస్తుంది. అయితే ఇక్కడ కూడ జాగ్రత్త అవసరం. పదేళ్లుగా లాంతరు వెలుగులో కుడుతున్న దర్జీ సౌర దీపం కొన్నంత మాత్రాన కొత్త ఉద్యోగి కాడు. అతని పనిగంటలలోనూ ఆదాయంలోనూ కలిగిన పెరుగుదలను మాత్రమే లెక్కలో వేయాలి.

ఒక ప్రకటనను పరిశీలించే పద్ధతి

ఇంతవరకు నేర్చిన దానిని మన దేశంలోని ఒక పథకానికి వర్తింపజేద్దాం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రిమండలి ఒక కోటి ఇళ్ల కప్పులపై సౌర ఫలకాలు అమర్చే ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకాన్ని ఆమోదించింది. దానివలన ఇళ్లపై 30 గిగావాట్ల, అనగా 30,000 మెగావాట్ల సామర్థ్యం చేరుతుందనీ, సుమారు 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు కలుగుతాయనీ ప్రకటించారు.

కప్పుపై సౌర వ్యవస్థల గుణకం 24.72తో 30,000ను గుణిస్తే వచ్చేది 7,41,600 పని సంవత్సరాలు. నిర్మాణం మూడేళ్లలో పూర్తవుతుందనుకొంటే సంవత్సరానికి సుమారు 2 లక్షల 47 వేల మందికి పని. దీనికీ 17 లక్షలకూ గల అంతరం చూసి ప్రకటన తప్పని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఎందుకనగా ఆ గుణకంలో వ్యాపార విస్తరణ, రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ మాత్రమే ఉన్నాయి. ప్రభుత్వ అంచనాలో తయారీ, సరకు రవాణా, అమ్మకాలు మొదలైనవి కూడ చేరాయి. అయినప్పటికీ విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. ఇవి 17 లక్షల పని సంవత్సరాలా, లేక 17 లక్షల మందికి నిలకడైన కొలువులా? తయారీలో ఎంత భాగం మన దేశంలో జరుగుతుంది? కోటి ఇళ్లు పూర్తయిన తరువాత నిర్వహణకు ఎందరు మిగులుతారు? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది.

అంచనా సోపానాలు

పై చర్చను క్రోడీకరిస్తే ఒక చిన్న పథకపు ఉద్యోగితను అంచనా వేయదలచినవారు అనుసరించవలసిన క్రమం ఇది:

1. పథకానికి తగిన ప్రమాణాన్ని ఎన్నుకోవాలి. పెద్ద కేంద్రానికి మెగావాటు, చిన్న వ్యవస్థకు ఇల్లు లేక తొట్టి.

2. పనిని దశలుగా విడదీయాలి. తయారీ, రవాణా, అమ్మకం, స్థాపన, వసూలు, మరమ్మతు.

3. ప్రతి దశలోనూ ఎన్ని పనిదినాలు పడతాయో క్షేత్రంలో విచారించి, 250తో భాగించి పని సంవత్సరాలుగా మార్చాలి.

4. దిగుమతి సరకులోని శ్రమనూ, కూలి ముట్టని ఇంటి శ్రమనూ వేరుచేయాలి.

5. సంవత్సరాలవారీ పట్టిక తయారుచేసి, అమ్మకాలు ఆగిన తరువాత ఏమి మిగులుతుందో చూపాలి.

6. పోయిన ఉద్యోగాలను తీసివేసి నికర సంఖ్య చెప్పాలి.

7. వేతనమెంత, స్త్రీలకు దక్కినదెంత, పని ఎంతవరకు సురక్షితమన్న విషయాలు చేర్చాలి. పాత బ్యాటరీలను ఆరుబయట పగులగొట్టి సీసం కరిగించేవాని పని కూడ లెక్కకు ఒక ఉద్యోగమే. కాని ఆ విషం అతని పిల్లల రక్తంలో చేరుతుంది.

8. తీసుకొన్న ఊహలన్నింటినీ అంచనా ప్రక్కనే వ్రాయాలి. ఊహ మారితే అంకె ఎంత మారుతుందో కూడ చూపాలి.

ఉపసంహారం

ఈ లెక్కలన్నీ చదివి చిన్న తరహా పునరుత్పాదక శక్తి వలన ప్రయోజనం లేదని భావించరాదు. ఒక మెగావాటుకు పెద్ద కేంద్రం కంటె ఇది ఎక్కువ మందికి పని కల్పిస్తుందని పైన చూశాం. ఆ పని పట్టణం విడిచి పల్లెలకు చేరుతుందన్నది మరొక మేలు. కాని అందులో ఏ పని ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకొని దిగాలి. కేవలం ఫలకం బిగించడం నేర్చినవాడు పథకంతో పాటు వచ్చి పథకంతో పాటు పోతాడు. వైరింగు, మోటారు, ఇన్వర్టరు, బ్యాటరీల మరమ్మతును సమగ్రంగా నేర్చినవానికి సౌర విద్యుత్తు ఉన్నా, ప్రభుత్వ విద్యుత్తు వచ్చినా పని ఉంటుంది. శిక్షణ సంస్థలో చేరబోయే యువకుడు ఫీజు చెల్లించే ముందు తనకు నేర్పే పని ఈ రెండింటిలో ఏదో విచారించుకోవాలి. గత సంవత్సరం శిక్షణ పొందినవారిలో ఎందరు నేటికీ ఆ పనిలోనే ఉన్నారో అడగాలి.

అర్థశాస్త్ర విద్యార్థులకు మరొక కర్తవ్యం కలదు. మన చుట్టుప్రక్కల కప్పులపై సౌర ఫలకాలున్న ఇళ్లు ఇప్పుడు అరుదు కాదు. పది ఇళ్లు ఎన్నుకొని, ఎవరు బిగించారు, ఎన్ని రోజులు పట్టింది, చెడిపోతే ఎవరు వచ్చి బాగుచేశారు, ఎంత కూలి ఇచ్చారు అన్న నాలుగు ప్రశ్నలు అడిగి వ్రాసుకొంటే ఒక మంచి క్షేత్ర పరిశీలనకు పునాది పడుతుంది. ఎక్కడో తయారైన గుణకాన్ని వల్లెవేయడం కంటె, పది గడపలు తిరిగి సంపాదించిన చిన్న అంకె మన జిల్లా యువకులకు ఎక్కువగా ఉపకరిస్తుంది.